మంద లేచిన చప్పుడు

మొన్న నకిరేకల్ దాటాక వాన పట్టుకుంటే, హైవే పక్కన బత్తాయిలు అమ్మే రేకుల షెడ్డు కిందికి దూరాను. ముందు రేకు మీద ఒక చినుకు పడింది. చాలాసేపటికి ఇంకో మూల ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు. మబ్బు తేలిపోయిందనుకుని అడుగు బయట పెట్టబోతుంటే రెండు, నాలుగు, అంతలోనే నెత్తిమీద రేకులన్నీ ఒక్కసారిగా మోగాయి. చెవులు మూసుకోవలసినంత మోత. ఎంత హఠాత్తుగా మొదలైందో అంత హఠాత్తుగా ఆగిపోయింది. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ ఎక్కడో ఒక్క చినుకు. బత్తాయిలమ్మే ఆవిడ ఖాళీ పెట్టె ఒకటి బోర్లించి నా ముందుకు తోసింది. "కూసోండ్రి సారూ. గిదేం వాననో, ఎవలు పిలిచిన్రో దీన్ని" అంది.  కూర్చున్నాను. ఆ మాటే, అదే ఆశ్చర్యంతో, ఒకసారి నా నోటి నుంచి కూడా వచ్చింది. వానను చూసి మాత్రం కాదు.

నల్లగొండ ఊరి బయట ఒక కాలేజీలో, వెనక వైపు గదిలో, డాక్టర్ కొమురమ్మ గారని ఒక శాస్త్రవేత్త పనిచేసేవారు. ఆమె ప్రయోగశాలలో గాజుగొట్టాలు లేవు, ఎలుకల బోనులు లేవు. రెండు కంప్యూటర్లు, ఒక పాత స్పీకరు, గొర్రెలు కాసే తన పుట్టింటి నుంచి తెచ్చి కుర్చీ వీపు మీద మడిచి వేసిన నల్ల ఉన్ని గొంగడి ఉండేవి. ఇంకా లోకాన్ని చూడని పసి మెదడు తనంతట తాను ఎలా పలకడం మొదలుపెడుతుందో కంప్యూటర్‌లో నమూనా కట్టి చూడటం ఆమె పని. ఆమె పోయి ఏడాది దాటింది. పదేళ్ళు పట్టి ఆమె నిలబెట్టిన ఆ పనిని నేను నా చేత్తో చంపబోయాను. ఆమె ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. కనుక నేనే చెప్పాలి.

మాది దేవరకొండ వైపు ఒక గడి, ఊరి దొర ఉండే కోటలాంటి ఇల్లు. అలవాటు కొద్దీ 'మాది' అంటున్నాను గానీ, నేను పుట్టేనాటికి ఆ గడిలో మిగిలింది ముందరి దర్వాజా, రెండు గదులు, వాటి నిండా గబ్బిలాలు. నాకు ఆరేళ్ళప్పుడు అవి కూడా వదిలి నల్లగొండలో కిరాయి ఇంటికి వచ్చాం. నాన్నను బాపు అనేవాణ్ణి; ఇల్లు పోయినా ఆయన వెన్ను మాత్రం వంగలేదు. కూరగాయల అంగడికి కూడా ఇస్త్రీ ధోవతి కట్టుకునే వెళ్ళేవాడు. ఎవరో కూర్చోమంటే మనం కూర్చోవద్దని, మన ఇష్టానికి మనం కూర్చోవాలని చెప్పేవాడు. మా ఇంట్లో 'తప్పయింది' అనే మాట ఎప్పుడూ దర్వాజా అవతలి నుంచే వినబడేదట. లోపలి నుంచి ఎవరూ అన్నట్టు నేను వినలేదు. వీటన్నిటినీ నేను ఆస్తిలాగే మోశాను. మోయడానికి ఇంకేమీ మిగల్లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన తర్వాత రెండో ఏడు, కంప్యూటర్ చదువు ముగించి ఆమె దగ్గర పరిశోధక సహాయకుడి పనికి దరఖాస్తు పెట్టాను. పిలుపు వచ్చింది. నా మార్కులు చూసే పిలిచారనడంలో నాకు ఏ అనుమానమూ లేదు. వెళ్ళేసరికి యాభై ఏళ్ళ మనిషి, నేత చీర, చెప్పుల్లేని కాళ్ళు, తెర మీది అంకెలు చూస్తూ ఉంది. మూలన జహంగీర్ భాయ్ స్పీకరు విప్పి తీగలు అతుకుతున్నాడు. పాత బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే మనిషి. ఆ గదికి కావలసిన యంత్రాలన్నీ ఆయనే చూసేవాడు. ఆమె తల తిప్పకుండానే స్టూలు చూపించింది.

"కూసో."

"పరవాలేదండి."

"నిలబడితే లెక్క జల్దీ తెగుతదా?"

నేను నిలబడే ఉన్నాను. జహంగీర్ భాయ్ నన్ను కిందినుంచి మీదికి చూసి, "దొరవారికి స్టూలు ఆనదు మేడం, గద్దె తెప్పియ్యాలె" అన్నాడు. మా ఇంటి సంగతి ఆయనకు ఎలా తెలుసునా అని ఉలిక్కిపడ్డాను. తెలియదు, నేను నిలబడ్డ తీరు చూసి అన్నాడంతే. ఆమె మాత్రం నవ్వలేదు. నన్ను ఒక క్షణం చూసి, మళ్ళీ అంకెల వైపు తిరిగింది. ఆ తర్వాత ఏడాది పాటు నేను ఆమె ముందు కూర్చోలేదు. నా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. ఆమె గదిలోకి రాగానే ఏదో పని ఉన్నట్టు లేచేవాణ్ణి. ఆమెను మేడం అని కూడా పిలవలేదు. పిలుపు లేకుండా మాటలు ఎలా కూర్చాలో ఆ ఏడాదిలో బాగా నేర్చుకున్నాను.

మొదటి రోజే ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "పిల్లి పిల్ల పుట్టినంక గూడ కొన్నొద్దులు కండ్లు తెరువది. లోపలంత చీకటి. చూసెటందుకు ఏం లేదు. మరి ఆ కంటెనుక నాడీకణాలు గుంపులు గుంపులుగ ఎందుకు పలుకుతున్నయి?"

కణం విద్యుత్తుతో ఒక్కసారి చిటుక్కుమనడాన్ని ఆమె పలకడం అనేది. నేను ఆలోచించి, తల్లి నుంచి ఏదో సంకేతం వస్తూ ఉండాలన్నాను.

"రాదు."

"అయితే లోపలే ఒక ముఖ్యమైన కణం ఉండి మిగతావాటిని నడిపిస్తూ ఉండాలి."

"గట్లనే అంటవనుకున్న" అంది. "అసొంటి కణం లేదు. ఎవలూ చెప్తలేరు. ఎవలూ నడిపిస్తలేరు. అయినా మంద మొత్తం ఒక్కపారి లేస్తది, అలసి పడుకుంటది, మళ్ళ లేస్తది. గట్ల లేచి లేచే ఏ తీగ ఏ తీగకు కలవాల్నో నేర్చుకుంటది. లోకం తలుపు కొట్టకముందే లోపల పని షురూ అయిందన్నట్టు."

నేను తల ఊపాను గానీ నమ్మలేదు. పైనుంచి ఆజ్ఞ లేకుండా వందల కణాలు ఒక్కసారి కదలడమేమిటి? నా పెంపకంలో అలాంటి దానికి చోటు లేదు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఒక్కరికీ ఒక నోటు పుస్తకం. దాన్ని చెయ్యి పుస్తకం అనేవాళ్ళం. నమూనాను నడిపే ముందు, అందులో మనం కావాలని చేత్తో పెట్టినవి, మార్చినవి, బలవంతంగా నిలిపినవి అన్నీ 'చెయ్యి' అని రాసి దాని కింద ఎక్కించాలి. ఏమీ లేకపోతే 'చెయ్యి: లేదు' అని రాసి సంతకం పెట్టాలి. ఎవరి పుస్తకం వారిది. ఒకరిది ఇంకొకరు అడక్కుండా తెరవకూడదు. "మోడల్ అంటే మనం చేసిన బొమ్మనే గద" అనేది కొమురమ్మ గారు. "అండ్ల ఏది దానంతటది అయింది, ఏది మన చెయ్యి తోని అయింది, గది తెల్వకపోతే మనది సైన్స్ గాదు, బొమ్మలాట."

ఇంకో పద్ధతి, నమూనాను చూడక ముందే వినడం. జహంగీర్ భాయ్ అతికిన స్పీకరులోంచి ప్రతి కణం పలికినప్పుడల్లా చిన్న 'టక్' వచ్చేది. ఆమె గొంగడి ఒళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకుని వినేది. గ్రాఫులు ఆ తర్వాతే. నాకది చాదస్తంగా అనిపించేది.

నేను చేరిన ఏడాదికి ఆమె తన పాత ప్రోగ్రాంను నా చేతికిచ్చి, కొత్త కంప్యూటర్‌కు తగ్గట్టు మళ్ళీ రాయమంది. ఆ పని వెనక ఒక తొందర ఉంది. ఊళ్ళో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను చూసే డాక్టరొకాయన ఉండేవారు. అలాంటి పిల్లల మెదడు చాలాసేపు ఊరుకుని, ఒక్కసారి పలికి, మళ్ళీ ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం ఎంతసేపైతే సహజం, ఎప్పుడు భయపడాలి అని తల్లులు అడిగితే ఏం చెప్పాలో ఆయన వెతుక్కుంటున్నారు. కొమురమ్మ గారి నమూనా ఇచ్చే విరామాలను తన దగ్గరున్న రికార్డింగుల పక్కన పెట్టి చూద్దామన్నారు. పదేళ్ళ పని మొదటిసారి ఒక బిడ్డ పక్కకు చేరబోతోంది. 

ప్రోగ్రాం రాస్తుంటే ఒకచోట నా చెయ్యి ఆగింది. మెదడులో కొన్ని కణాలు పక్కవాటికి 'కానీ, నువ్వూ పలుకు' అని చెబుతాయి, కొన్ని 'ఆగు' అని చెబుతాయి. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. 'ఆగు' కణాల బలాన్ని మైనస్‌తో రాయాలి. ఆమె ప్లస్‌తో రాసి ఉంది. ఒక్కచోట కాదు, అంతటా. నాకు కలిగిన మొదటి భావం ఏమిటో ఇప్పుడు రాయడానికి కూడా చెంపలు మండుతున్నాయి. సంతోషం కలిగింది. ఎంత చదివితే మాత్రం, గొర్రెల మంద వెనక నుంచి వచ్చిన మనిషి ఇక్కడ దొరికిపోయింది అనుకున్నాను. అడగవచ్చు. అడగడం మా ఇంట్లో నేర్పలేదు. ఒకరి తప్పును చెప్పకుండా దిద్దడం పెద్దరికం అనుకుని, ప్లస్‌లన్నీ మైనస్ చేశాను. పుస్తకంలో ఎక్కించలేదు. తప్పు దిద్దడం చెయ్యి పెట్టడం ఎలా అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

నమూనా చచ్చిపోయింది. స్పీకరులో ఎప్పుడో ఒక టక్, అంతే. మూడు వారాలు తలకిందులైనా రెండో టక్ దానికి తోడు రాలేదు. ఆమె వేరే ఊళ్ళో పాఠాలు చెప్పడానికి వెళ్ళి ఉంది. డాక్టరు గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది, గ్రాఫులు ఎప్పుడు పంపుతారని. నా చేతిలో పని ఆగిందని అనిపించుకోవడం నా వల్ల కాలేదు. వందల కణాల మధ్యలో ఒక్కదానికి గడియారం కట్టాను. నిర్ణీత సమయానికి అది గట్టిగా పలుకుతుంది, మిగతావాటిని లేపుతుంది. వెంటనే గ్రాఫు అందంగా వచ్చింది. మందకు పెద్ద దొరికాడు. ఎక్కడో ఒక పెద్ద ఉండే ఉంటాడు, ఆమెకు దొరకలేదు, నాకు దొరికాడు అని నిజంగానే నమ్మాను. 'చెయ్యి: లేదు' అని రాసి సంతకం పెట్టాను. గ్రాఫు మీద ఆమె పేరు కంటే నా పేరు ముందు పెట్టి డాక్టరు గారికి పంపేశాను.

ఆమె తిరిగివచ్చిన రోజు స్పీకరు పెట్టమంది. గొంగడి ఒళ్ళో వేసుకుని కళ్ళు మూసుకుంది. టక టక టక, మౌనం. టక టక టక, మౌనం. నాలుగోసారికే కళ్ళు తెరిచింది.

"గిది మంద లేచిన చప్పుడు గాదు. ఎవలో అదిలిస్తున్నరు."

 ఏ గ్రాఫూ చూడలేదు. ఒక్క అంకె అడగలేదు.

"నీ పుస్తకంల ఏమన్న ఉన్నదా రఘూ?"

"ఏమీ లేదు."

"జర యాది చేసుకో."

"లేదని చెప్పాను కదా" అన్నాను. గొంతు పెంచి అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. నన్ను ఇప్పటికీ నిద్రలో కుదిపేది అదే. నా మీద అనుమానపడి ఉంటే తేలికగా ఉండేది. ఆ గదిలో చెయ్యి పుస్తకం అబద్ధం చెప్పదు కనుక, అబద్ధం చెప్పింది తన సిద్ధాంతమే అనుకుంది. పది రోజులు తన పాత కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. తిండి సరిగ్గా తినలేదు. ఒక శుక్రవారం జహంగీర్ భాయ్ నన్ను బయటికి పిలిచి, "మేడం ఖత్ రాసి పెట్టింది భాయ్. పదేండ్ల సంది చెప్పింది గలత్ అయింది, నడిపించెటోడు ఒకడు ఉండాల్సిందేనట. సోమవారం డాక్టర్‌కు పంపుతదట, పత్రికోళ్ళకు గూడ. నాకు చదువు రాదు గనీ, గా చప్పుడు పదేండ్లు ఇన్న. అది గలత్ ఎట్లయితది?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నేను ఇనుప కమ్మీలాగా నిలబడ్డాను. 

ఆ సాయంత్రం ఆమె అంది. "రేపు మా బాపు మంద కాడికి పోదాం. ఉత్తరం పంపేముందు ఒక్కపారి చెవుల పడాలె. నా చెవే ఖరాబైందేమో." ఏ ఊరని అడిగితే, "వచ్చినంక చూద్దువు" అంది.

ఇంకా చీకటి ఉండగానే జహంగీర్ భాయ్ పాత వ్యానులో బయల్దేరాం. దేవరకొండ దాటి వ్యాను ఎడమకు తిరిగింది. ఆ మలుపు నాకు తెలుసు. తుమ్మల వెనక ఆ బోడిగుట్ట నాకు తెలుసు. అది మా ఊరు. ఊరి చివర కోత అయిన ఒక చేనులో, ముళ్ళకంప చుట్టూ పేర్చి మంద పెట్టారు. ఎరువు కోసం రైతులు అలా గొర్రెలను తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. తూర్పున ఇంకా బూడిద రంగు వెలుగు. కంప పక్కన గొంగడి పరుచుకుని ఎనభై ఏళ్ళు పైబడిన మల్లయ్య తాత, కొమురమ్మ గారి తండ్రి, కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కళ్ళు చిట్లించాడు.

"గా నిలబడ్డ తీరు చూస్తే... నువ్వు గడి దొర మనుమనివా?"

అవునన్నాను. అలవాటు కొద్దీ ఆయన లేచి నిలబడతాడని ఎదురుచూశాను. చిన్నప్పుడు ఆ ఊళ్ళో ముసలివాళ్ళు అలాగే లేచేవారు. ఆయన లేవలేదు. గొంగడి మీద పక్కకు జరిగి చోటు చూపించాడు.

"కూసో బిడ్డా. మంద లేసే యాళ్ళయింది. నిలబడితే బెదురుతయి."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు. కళ్ళు మూసుకుని, చెవి మంద వైపు పెట్టి ఉంది. జహంగీర్ భాయ్ రికార్డరు పట్టుకుని కంప పక్కన వంగి ఉన్నాడు. కూర్చున్నాను. గొంగడి నా అరచేతికి గరుకుగా తగిలింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఒక గొర్రె లేచి ఒళ్ళు దులుపుకుని మళ్ళీ పడుకుంది. అవతల ఇంకొకటి దగ్గింది. ఎక్కడో రెండు లేచాయి. ఇక లేవవనుకుంటుంటే, ఏం జరిగిందో నాకు తెలియలేదు, నేల కదిలినట్టు మంద మొత్తం లేచి నిలబడింది. వందల డెక్కలు ఒక్కసారి.  మెడలో గంట ఉన్న పొట్టేలు ఎక్కడుందని వెతికాను. దాన్ని ముందే గుర్తుపెట్టుకున్నాను, అదే అందర్నీ లేపుతుందని. గుంపు నడుమ నుంచి, అన్నీ లేచాక, తీరిగ్గా దాని గంట మోగింది.

"గంట కట్టింది ముందు లేవదా?" అన్నాను. "మరి వీటిని లేపింది ఎవరు? ఎవరు పిలిచారు?"

మల్లయ్య తాత పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వాడు. "మీ తాత గూడ గట్లనే అనుకున్నడు. పండుగొస్తే గడిలకు గొర్రెను ఇయ్యాలె గద. అందరు దొరలు బలిసినదాన్ని తెమ్మంటరు. మీ తాత గంట గొర్రెను కొట్టుకరమ్మనేటోడు. మందకు గదే పెద్ద, అది పోతె మంద ఆగమైతది, గొల్లోడు కాళ్ళకాడికి వస్తడు అని. మా నాయిన దర్వాజ కాడ నిలబడి ఏడ్చేటోడు. నేను చిన్నపోరన్ని, ఆయన గొంగడి పట్టుకొని నిలబడేటోన్ని. తెల్లారి చూస్తే మంద ఎప్పటితీర్గనే లేచేది. గంటేం చేస్తది బిడ్డా? మంద ఏ దిక్కున్నదో మనకు తెల్వాలని కట్టుకుంటం. మంద కోసం గాదు. అది పోతె ఇంకోదానికి కట్టినం."

 మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక గంటల గుత్తి ఉంది. చిన్నప్పుడు దానితో ఆడుకున్నాను. మన ఎడ్లబండివి అని బాపు చెప్పాడు. అవి ఎడ్ల మెడకు సరిపోయేంత పెద్దవి కావని ఆ క్షణం దాకా నాకు తోచలేదు.

మంద కంప దగ్గరికి ఒరుసుకుంటోంది. కొమురమ్మ గారు కళ్ళు తెరిచి, తనలో తాను అనుకున్నట్టు, "నా చెవి బాగనే ఉన్నది. మరి లెక్క ఎందుకు తప్పింది?" అంది. ఆ ముఖం చూశాక ఇక ఆగలేకపోయాను.

"గంట నేనే కట్టిన, మేడం."

ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి. ఊళ్ళో మాట నా నోట రావడం కూడా చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి. అంతా చెప్పాను. గడియారం, ఖాళీ పుస్తకం, ప్లస్‌లు, మైనస్‌లు. ఆమె నా వైపు తిరిగింది. తర్వాత, "మైనస్ ఎందుకు చేసినవ్?" అంది.

"మీరు తప్పు రాశారనుకున్నాను."

ఆమె కొడుతుందనుకున్నాను. నవ్వింది. తండ్రి నవ్వే. "పసి మెదడుల ఆ 'ఆగు' కణాలే 'కానీ' అంటయి రఘూ. గదే రసాయనం, గదే కణం. పెద్దగైనంక మాట మారుస్తది. నాక్కూడ నమ్మ బుద్ధి గాలే, రెండేండ్లు పట్టింది. జర అడిగితే చెప్పకపోదునా?" నవ్వు అక్కడే తెగిపోయింది. "నీ గ్రాఫు దవాఖానకు పోయింది. గడియారం లెక్క పలికేది నెలలు నిండని పిల్లల ముంగట పెట్టినవ్. మంచిగున్న బిడ్డను రోగముందని ఆ తల్లికి చెప్తే?" ఆ మాట తిట్టు కంటే లోతుగా దిగింది. నేను నా తప్పును అంతవరకు ఆమెకూ నాకూ మధ్య విషయంగానే చూశాను.

తెలిసే నన్ను అక్కడికి తీసుకుపోయారా అని చాలా రోజుల తర్వాత అడిగాను. "నీకోసం ఎవలు పోయిన్రు? నా చెవి కోసం పోయిన" అంది.

ఆ మధ్యాహ్నమే తిరిగివచ్చి గడియారం విప్పేశాను. మైనస్‌లన్నీ ప్లస్ చేశాను. పుస్తకంలో జరిగిందంతా ఎక్కించాను. అది జహంగీర్ భాయ్ ముందు పైకి చదవమని ఆమె అంది. అంతకు మించి ఏ శిక్షా వేయలేదు. తర్వాత స్పీకరు పెట్టాం. ఒక టక్. చాలాసేపు ఏమీ లేదు. ఇంకో టక్.  హఠాత్తుగా గది నిండా రేకుల మీద వాన కురిసినట్టు మోత. ఆగింది. ఎంతసేపు ఊరుకుంటుందో ఎవరికీ తెలియని మౌనం. మళ్ళీ మోత. "యా అల్లా, వచ్చింది" అని జహంగీర్ భాయ్ నేలమీదే కూలబడ్డాడు. ఆమె గొంగడి ముఖానికి అడ్డం పెట్టుకుంది. సోమవారం పంపవలసిన ఉత్తరాన్ని చించి నా చేతిలో పెట్టింది.

డాక్టరు గారికి ఉత్తరం నేను రాశాను. ఆ గ్రాఫు పక్కన పెట్టండి, తప్పు నాది, ఇలా జరిగింది అని. కాగితం బల్ల మీద ఉంటే బాపు చదివాడు.

"తప్పు నాది అని రాసినవు. కింద మన ఇంటిపేరు పెట్టినవు."

"పెట్టిన."

"ఇంటిపేరు కొట్టెయ్యి."

"నేను కొట్టెయ్య."

బాపు నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. నా గొంతు విని నేనూ అదిరిపోయాను. ట్రంకుపెట్టె తెరిచి గంటల గుత్తి తీసుకుంటుంటే ఆయన అడ్డం రాలేదు. అవి ఎక్కడివో ఆయనకు తెలుసునని అప్పుడు అర్థమైంది. మరుసటి వారం వాటిని మల్లయ్య తాతకు ఇచ్చాను. ఆయన ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర ఆడించి, చివరిదాన్ని నా చేతిలో పెట్టాడు. "గిది ఉంచుకో. కంప్యూటర్ల మాత్రం కట్టకు" అన్నాడు. డాక్టరు గారు కొత్త విరామాలను తన రికార్డింగుల పక్కన పెట్టి చూశారు. కొన్నిచోట్ల కుదిరింది, కొన్నిచోట్ల కుదరలేదు. కుదరనివాటి మీదే కొమురమ్మ గారు చివరిదాకా పనిచేశారు. నేను ఆమె దగ్గర ఇంకో నాలుగేళ్ళు, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, పనిచేశాను.

ఆమె పోయాక గది ఖాళీ చేస్తూ జహంగీర్ భాయ్ నాకు ఫోన్ చేశాడు. "మేడం చెయ్యి పుస్తకాలు నీకే ఇయ్యమన్నది." పాత పుస్తకాల కట్ట. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పుస్తకం తెరిచాను. అంతవరకు నేను ఆమె పుస్తకం ఒక్కటి కూడా తెరవలేదు. నేను మొదటిసారి ఆ గదిలో నిలబడ్డ రోజు తేదీ కింద, గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది:

"చెయ్యి: ఈ పిల్లగాడి కంటే మంచి మార్కులున్నోళ్ళు ఇద్దరున్నరు. ఊరి పేరు, ఇంటిపేరు చూసి వీన్ని తీసుకున్న. వీళ్ళ దర్వాజ కాడ మా తాత నిలబడ్డడు. ఆ ఇంటోడు నా ముంగట కూసుంటడా అని చూడాలనిపించింది. ఇది సైన్స్ గాదు. నా చెయ్యి."

 ఇన్నేళ్ళు నా మార్కులు చూసి తీసుకున్నారనుకున్నాను. నా దగ్గర మిగిలిన చివరి గర్వం అది. దాన్ని కూడా ఆమె తీసేసింది, తన తప్పును తానే రాసుకుని మరీ. పేజీలు తిప్పాను. ఏడాది తర్వాత, మేము మంద దగ్గరికి వెళ్ళివచ్చిన తేదీ కింద, లెక్కలన్నీ అయ్యాక, అడుగున ఒకే ఒక్క మాట ఉంది.

"కూసున్నడు."

ఇప్పుడు నాకూ ఒక గది ఉంది, కొందరు విద్యార్థులున్నారు. కీబోర్డు పక్కన ఒక చిన్న గంట ఉంటుంది. ఎవరైనా మరీ అందమైన గ్రాఫు తెస్తే ముందు స్పీకరు పెట్టమంటాను. ప్రతి ఉదయం నా పుస్తకం తెరిచి 'చెయ్యి' అని రాస్తాను. 'లేదు' అని రాయడానికి చాలాసార్లు కలం ఒప్పుకోదు. మొన్న బత్తాయిల షెడ్డు కింద, బోర్లించిన పెట్టె మీద, మొదటి చినుకు ఏదో పట్టుకుందామని మళ్ళీ చెవులు రిక్కించాను. అంతలో రేకులన్నీ మోగాయి. ఆవిడ ఒక బత్తాయి ఒలిచి చేతిలో పెడుతూ, "ఏం ఇంటున్నరు సారూ?" అని అరిచి అడిగింది.

"మంద లేచింది" అన్నాను.